తొమ్మిది మీటల గొంతు

మా నాయనకు కళ్ళు కనబడవు. మా అమ్మకు గొంతు తీసేస్తామన్నారు. ఆ ఏడాది ఈ రెండు సంగతులూ నా తలలో పక్కపక్కనే కూర్చుని నన్ను అన్నం తిననివ్వలేదు, నిద్రపోనివ్వలేదు.

అంతకు ముందు చాలా నెలలుగా అమ్మ గొంతు బొంగురుపోయి ఉంది. వక్కాకు ఎక్కువై అలా అయిందనుకుంది. ధర్మపురిలో డాక్టర్లు మందులిచ్చి ఇచ్చి చివరికి సేలం పొమ్మన్నారు. సేలంలో పెద్ద డాక్టరు అమ్మను బయట కూర్చోబెట్టి నాకు తమిళంలో మెల్లగా చెప్పాడు. గొంతులో పెట్టెలాంటిది ఒకటి ఉంటుందట, మాట అందులోంచే వస్తుందట, గడ్డ దాని మీదే పుట్టిందట. పెట్టె తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట దక్కదు. "భయపడకమ్మా. సైగలు చేస్తారు, పలక మీద రాస్తారు, ఇంట్లోవాళ్ళకు అలవాటైపోతుంది" అన్నాడు. మంచి మనిషే. కానీ అమ్మకు ఏ భాషలోనూ అక్షరం రాదు. మా ఇంట్లో తెలుగు తరతరాలుగా నోట్లో ఉన్నదే తప్ప కాగితం మీదికి ఎప్పుడూ దిగలేదు; నేను కూడా పెద్దయ్యాకే కూడబలుక్కుని నేర్చుకున్నాను. సరే, రాత పోనీ. సైగలు ఎవరికి చేస్తుంది? మా నాయనకా?

నాయన మారండహళ్ళి దగ్గర టమాటా, వంకాయ పండించిన రైతు. చక్కెర జబ్బు ముందు ఒక కన్ను, తర్వాత రెండోది తీసుకుపోయింది. పొలం కౌలుకిచ్చి ముగ్గురం ధర్మపురి టౌనుకు వచ్చేశాం. అప్పటినుంచీ ఆయనను నడిపించేది అమ్మ అరుపులే. "గడప, గడప!" "ఎడమకి రా." "చెంబు తన్నేస్తివి కదయ్యా!" వంటింట్లోంచి ఆమె తిట్టే తిట్టును బట్టే పొయ్యి ఎటుందో, బిందె ఎటుందో ఆయనకు తెలిసేది. పగలంతా నేను కోర్టు వీధిలో నా టైపింగు షాపులో ఉండేదాన్ని. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

ఆమె పలకలేక, ఈయన చూడలేక, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? కాగే నూనె పక్కన ఈయన చెయ్యి పెడితే ఆపేదెవరు? ఆమె జారిపడితే, పడిందని ఈయనకు చెప్పేదెవరు? పోనీ షాపుకు తాళం వేసి ఇంట్లోనే కూర్చుందామంటే ముగ్గురం తినేదేమిటి? అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అంటుంటాం గానీ, దాని బాధ నాకు ఆ నెలలోనే తెలిసింది. షాపులో ఎవరి ఫోను మోగినా ఇంటినుంచేమోనని ఉలిక్కిపడేదాన్ని.

బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని వెతగ్గా వెతగ్గా ఒక దారి కనబడింది. అప్పుడప్పుడే వస్తున్న స్మార్ట్‌ఫోన్లలోకి ఒక చిన్న ప్రోగ్రాం ఎక్కించవచ్చట. ఒక్కో అంకె మీట కింద ఒక్కో మాట రికార్డు చేసి పెట్టుకుంటే, మీట నొక్కగానే ఆ మాట గట్టిగా పైకి వినిపిస్తుందట. తొమ్మిది మీటలు, తొమ్మిది మాటలు. నిద్రలో కూడా ఊరుకోని మా అమ్మకు తొమ్మిది మాటలు ఏ మూలకి? అయినా ఏమీ లేనిదానికంటే నయం కదా. చిక్కల్లా ఒకటే. ఆ ప్రోగ్రాం కంప్యూటర్ ద్వారానే ఫోన్లోకి ఎక్కాలి. రికార్డు చేసిన మాటలకు ఇంకో కాపీ కంప్యూటర్లో ఉండితీరాలి. ఫోను ఎక్కడైనా పడిపోతే అమ్మ గొంతు రెండోసారి పోయినట్టే, ఇక తెచ్చుకోవడానికి ఉండదు.

షాపులోని నా కంప్యూటర్ సంగతి చెప్పాలి. ఎవరో వాడి వాడి వదిలేస్తే నా చేతికొచ్చిన సరుకు అది. బొజ్జ మానిటరు. పొద్దున ఆన్ చేసి కాఫీ తాగి వచ్చినా లేచేది కాదు. ఒక్కోరోజు అసలే మొండికేసేది. అప్పుడు పక్క మూత విప్పి, లోపలి మెమరీ పట్టీ పీకి, పెన్సిల్ రబ్బరుతో దాని పళ్ళు రుద్ది మళ్ళీ గుచ్చితే లేచేది. పాత కంప్యూటర్లున్న వాళ్ళందరికీ ఆ రోజుల్లో తెలిసిన వైద్యమే అది. కొత్త ఫోన్ల డబ్బాల మీద చూస్తే, నాదాని తర్వాత రెండు తరాలకు పుట్టిన కంప్యూటర్లు ఉంటేనే పనిచేస్తామని రాసి ఉండేది. ఆసుపత్రి ఖర్చు ముందుండగా ఫోనూ కంప్యూటరూ రెండూ కొనే తాహతు నాకు లేదు. కాబట్టి ఫోనే దిగివచ్చి నా ముసలిదానితో కాపురం చేయాలి.

ఈ గొడవంతా విని నాయన అన్నాడు: "ముసిలి మొగునికి పడుచు పిల్లను ఎతుకుతాండావు. జాతకం కుదరద్దా మరి?" అమ్మ నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఎంతసేపటికీ ఆగలేదు. నాయన నవ్వు అక్కడే ఆగిపోయింది.

మొదటి షాపువాడు "ఎల్లాం వేలై సెయ్యుం అక్కా" అన్నాడు. అన్నీ పనిచేస్తాయట! ఏ కంప్యూటరని కూడా అడగలేదు మహానుభావుడు. రెండో షాపులో నా కంప్యూటర్ వయసు చెప్పగానే నవ్వి, ముందు దాన్ని పాత ఇనుముకు వేసేయమన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ ఇంట్లో ముసలివాళ్ళను కూడా అలాగే వేసేస్తారా?" అని అడిగేసి మెట్లు దిగాను. దిగానే గానీ, వీళ్ళ నోటిమాట నమ్మి కొన్నాక పనిచేయకపోతే నేనెవరి గడ్డం పట్టుకోను? ఆసుపత్రిలో చేరాల్సిన రోజు ఆయుధ పూజ దాటగానే అని అప్పటికే చెప్పేశారు.

మర్నాడు కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాను. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా లోపల ఏదో గలగలమనేది, నా ప్రాణం గిలగిల్లాడేది. బస్టాండు దగ్గర మూడో షాపు. ఫోన్లలో పాటలు ఎక్కించడానికి వాళ్ళకొక కంప్యూటర్ ఉందని చూసి పెట్టుకున్నాను. వాళ్ళ మానిటరును నా పెట్టెకు తగిలిస్తే చాలు. షాపాయన దుప్పటి విప్పి చూసి తెల్లబోయాడు. "ఫోను కొనడానికి కంప్యూటర్ని తోడు తెచ్చుకున్నవాళ్ళను ఇప్పుడే చూస్తున్నానక్కా" అన్నాడు తమిళంలో. అమ్మ సంగతి చెప్పాను. వెంటనే మానిటరు వైరు పీకి ఇచ్చాడు.

మొదటి ఫోను తగిలిస్తే నా కంప్యూటర్ దాన్ని కన్నెత్తి కూడా చూడలేదు. రెండోది తగిలించగానే తెరంతా నీలమైపోయి, తెల్ల అక్షరాలు వరసగా దిగాయి. అంతే, పై ప్రాణాలు పైనే పోయాయి. ఊళ్ళోవాళ్ళ కోర్టు కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. ఫోను కోసం వచ్చి ఉన్న బతుకుతెరువు పోగొట్టుకున్నానా అనుకుంటూ, తెలిసిన దేవుళ్ళందరినీ తలచుకుంటూ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. మూలిగి మూలిగి లేచింది. మూడోది తగిలించడానికి చెయ్యి రాలేదు. అప్పుడు తట్టింది, వైరు లేకపోతేనేం? పక్కన చిన్న కార్డు ఊడివచ్చే ఫోనుంటే, ఆ కార్డు మాత్రం కంప్యూటర్‌కు అర్థమైతే చాలదా? షాపాయన లోపలి అరలో వెతికి, కార్డు గుచ్చే చిన్న డబ్బా ఒకటీ, పాత కంప్యూటర్ల కోసం దానితో వచ్చిన సీడీ ఒకటీ దుమ్ము దులిపి తెచ్చాడు. సీడీ వేశాం. కార్డు గుచ్చాం. ఇద్దరం ఊపిరి బిగబట్టి తెర వైపే చూస్తున్నాం. చాలాసేపటికి ఒక మూల కొత్త బొమ్మ వచ్చి కూర్చుంది. ముసలిది కార్డును గుర్తుపట్టింది.

కార్డు ఊడివచ్చే ఫోన్లలోంచి, మీటలు ఉబ్బెత్తుగా ఉండి, గొంతు బాగా పెద్దగా ఉన్నదాన్ని తీసుకున్నాను. లావుగా, నల్లగా, ఏ అందమూ లేని ఫోను. స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను. ఫోను కొని ఏడ్చినవాళ్ళను కూడా పాపం ఆయన అప్పుడే చూసి ఉంటాడు.

కార్డు మీదుగానే ప్రోగ్రాం ఎక్కింది. ఇక మాటలు. మొదట నాకు అమ్మ చేత పాట పాడించాలని ఉండింది, చిన్నప్పుడు నాకు పాడిన జోలపాట. ఆమె ఒప్పుకోలేదు.

"పాట ఎవురికే పాపా? ఆయన బువ్వ తినేదానికి పాట పనికొస్తాదా?" అంది ఆ బొంగురు గొంతుతోనే. రోజంతా ఆయనతో ఏమేం అంటుందో వేళ్ళు మడిచి ఎంచుకుంది. గడప ఉండాది, కాలెత్తు. బువ్వకు రా. మాత్తర యేసుకో. కాల్తాది, తాకద్దు. ఎవురో వచ్చిండారు. నీళ్ళు నీ కుడిచేతి పక్కన. ఆడే నిలబడు, కదలద్దు. నేను ఈడే ఉండాను. అక్కడికి ఎనిమిది. చివరి మీటకు ఏం కావాలని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తిట్టు పెట్టు. తిట్టకపోతే నేనని ఆయనకు నమ్మకం కుదరదు."

ఒక్కో మాటకు చాలాసార్లు చెప్పాల్సివచ్చింది. మధ్యలో గొంతు చీరుకుపోయేది, దగ్గు వచ్చేది, నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టేది. "బువ్వకు రా" అని అంటుంటే బయట అరుగు మీది నాయన నిజంగానే గోడ పట్టుకుని లోపలికి వచ్చి "బువ్వేదీ?" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత ఆయనకు సంగతి అర్థమై, గోడకు ఆనుకుని కిందే కూర్చుండిపోయాడు. "కదలద్దు" అని ఆమె అరిచినప్పుడల్లా ఆయన భుజాలు బిగుసుకునేవి. నాకు ఆ గదిలోంచి లేచి పారిపోవాలనిపించింది.

మర్నాడు ఆయుధ పూజ. కార్డులోని మాటలు, షాపునుంచి ఇంటికి తెచ్చిపెట్టుకున్న కంప్యూటర్లోకి కాపీ తీసుకుందామని పొద్దున్నే కూర్చుంటే అది మొండికేసింది. దాన్ని విప్పి, రుద్ది, లేపేసరికి పొద్దు వాలింది. అప్పటికే అమ్మ దేవుడి ముందు పీట వేసి నాయన పాత కొడవలి, పార, కత్తిపీట, నా కత్తెర అన్నీ సర్దేసింది. కంప్యూటర్నీ ఫోన్నీ కూడా పెట్టమంది. మా వైపు పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా ఎవరూ తాకరు. కాపీ తీసి పెడతానమ్మా, కొంచెం ఆగమన్నాను.

"పూజ పొద్దు దాటిపోతాది. సామి దగ్గిరుండేదాన్ని ఎవురెత్తుకుపోతారు?" అంది.

ఇంకో ఏడాదైతే ఆమెతో గొడవేసుకుని నా పని నేను చేసుకునేదాన్ని. ఆ ఏడాది నాకు ధైర్యం చాలలేదు. ముందు ఆపరేషన్ పెట్టుకుని దేవుడితో పేచీ ఎవరు పెట్టుకుంటారు? రెండూ తెచ్చి పీట పక్కన పెట్టి, వాకిట్లో ముగ్గు వేయడానికి పోయాను. బొట్లు పెట్టే పని అమ్మే చూసుకుంది.

పొద్దున హారతి అయ్యాక ఫోను చేతిలోకి తీసుకుంటే ప్రతి మీటకూ గంధం, కుంకుమ. అదైనా ఫరవాలేదు. పక్కన కార్డు దూరే సందుకు మూత ఊడదీసి మరీ, నిండుగా తడి గంధం పూసి, దాని మీద కుంకుమ అద్ది ఉంది. ఎండి గట్టిపడింది. ఆన్ చేస్తే కార్డు లేదంది ఫోను.

"ఎందుకమ్మా ఇట్ల చేసినావు?" అని అరిచాను. అమ్మ బెదిరిపోయి నా వైపు చూసింది. ఒక వేలు తన నోటి మీద పెట్టుకుంది, అదే వేలు ఫోను సందు మీద పెట్టింది. నాకు అర్థమైంది. ఇకమీద అది ఆమె నోరు. నోటికి బొట్టు పెట్టకుండా దేవుడి ముందు ఎలా పెడుతుంది? నేను ఏడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, మళ్ళీ చెబుతాను పద అన్నట్టు ఫోను నోటి దగ్గర పెట్టుకుని నోరు తెరిచింది. గాలి వచ్చింది. ఇంకోసారి తెరిచింది. గాలే. మాటలు రికార్డు చేసిన రోజంతా అరిచి అరిచి మిగిలిన ఆ కాస్త గొంతూ అయిపోయింది. ఆమె కళ్ళల్లో భయం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

చీపురుపుల్లకు దూది చుట్టి ఆ సందులోంచి గంధం కొంచెం కొంచెంగా గీకాను. కార్డు ఊడివచ్చింది, పళ్ళన్నీ ఎర్రగా. పెన్సిల్ రబ్బరు తీసుకుని, కంప్యూటర్ పట్టీకి చేసే వైద్యమే దానికీ చేశాను. గట్టిగా రుద్దితే గీతలు పడతాయేమో, మెల్లగా రుద్దితే గంధం పోదేమో. డబ్బాలో గుచ్చాను. ఏమీ రాలేదు. తీసి మళ్ళీ రుద్ది గుచ్చాను. కంప్యూటర్ గుర్రుగుర్రుమని ఆలోచించి ఆలోచించి, చివరికి మాటలన్నిటినీ వరసగా తెర మీద పెట్టింది. నమ్మకం చాలక ఆఖరిదాన్ని నొక్కాను.

"ఊరకుండు, నీకేం తెలుసు!" అని ఇల్లంతా మోగింది.

అరుగు మీదినుంచి నాయన: "నేనేం చేసినానని పొద్దున్నే తిడతాండావు మే?"

అమ్మ నా పక్కనే ఉంది, చీర కొంగు నోట్లో కుక్కుకుని. నేను గబగబా కాపీ తీసుకున్నాను, ఎందుకైనా మంచిదని ఇంకో చోట కూడా పెట్టుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. పిక్కిలి నుంచి మా మేనత్త వచ్చి ఇంట్లో నాయన దగ్గర ఉంది, నేను సేలంలో అమ్మ దగ్గర. మెడ కింద, ఎముక పైన, ఒక రంధ్రం. ఊపిరి ఇక ముక్కుతో నోటితో కాదట, అక్కడినుంచే. డాక్టరు ముందే చెప్పి ఉంటాడు, మాట పోతుందన్న దగ్గరే నా చెవులు మూసుకుపోయి ఉంటాయి. దాని మీద పలచని తెల్లగుడ్డ కట్టేవాళ్ళు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా గుడ్డ లోపలికి పోయి బయటికి వచ్చేది. ఇంటికి వచ్చాక నాయనకు ఆ సంగతి చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. ఏ మాటలతో చెప్పాలో తెలియక, మేనత్త ఊరికి వెళ్ళేదాకా చెప్పనే లేదు.

ఆమె వెళ్ళిన మర్నాడు నేను షాపు తెరవక తప్పదు. క్యారియర్ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. నాయన మంచం మీద. అమ్మ పొయ్యి దగ్గర కంచం పెట్టి, నడింట్లో స్టూలు మీద చార్జింగ్ పెట్టిన ఫోను దగ్గరికి పోయి మీట నొక్కి, మళ్ళీ కంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"బువ్వకు రా."

నాయన ముఖం వెలిగింది. లేచాడు. చేతులు ముందుకు చాచి, గొంతు వచ్చిన వైపు తిన్నగా నడిచాడు. స్టూలు దగ్గర ఆగాడు. భుజం కోసం తడిమిన చేతికి ఫోను తగిలింది. దాన్ని తీసి, రెండు చేతులతోనూ అటూ ఇటూ తిప్పి, మీటలన్నీ తడిమాడు. ఆయనకు ఫోను సంగతి తెలియనిది కాదు. తెలిసినా, ఆ ముఖంలోంచి రక్తమంతా దిగిపోయింది.

"ఏమ్మే? యాడుండావు?"

అమ్మ మర్చిపోయి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. చెప్పాల్సిన మాట ఆయన చేతిలోని ఫోన్లో ఉంది.

"మే! యాడుండావే?" ఆయన అరుస్తూ ఖాళీ గదిలో చుట్టూ తిరిగాడు. వైరు కాలికి చుట్టుకుంది. పడిపోతాడు, ఇదిగో పడిపోతాడు. నేను క్యారియర్ కింద పెట్టి పరిగెత్తబోయాను. నాకంటే ముందు అమ్మ వెళ్ళింది. నాకు వీపు చేసి ఆయన ఎదురుగా నిలబడి, ఆయన చెయ్యి పట్టుకుని, తన మెడ కింద ఆ గుడ్డ మీద పెట్టుకుంది.

ఆయన నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. "ఏందిది? ఈడ్నించి గాలొస్తాది!" చెప్పాల్సింది నేను, చెప్పలేదు. అమ్మ కదల్లేదు. కాసేపటికి ఆయనే మళ్ళీ చెయ్యి చాచాడు. మెల్లగా వెతుక్కుంటూ వచ్చి గుడ్డ మీద అరచెయ్యి ఆనించాడు. ఈసారి తీయలేదు. తల కొంచెం వంచి, వింటున్నట్టుగా, చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఏడవద్దులే మే" అన్నాడు. "నాకేం కాలేదు. బువ్వ పెట్టు."

ఆమె ఏడుస్తోందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను చూస్తూనే ఉన్నాను. కింద పెట్టిన క్యారియర్ తీసుకుని, చెప్పులు వేసుకుని, షాపుకు వెళ్ళిపోయాను.